చిరుత డ్రైవరూ, ముళ్ళపంది చేతులూ

అనగనగా ఒక అడవిలో, కొండకి వెనకవైపు వాలులో, జంతువులన్నీ గోల్ఫ్ ఆడుకునేవి. ఏయ్, నవ్వకండర్రా! నిజంగానే ఆడేవి. కొండ కింద మనుషులు ఆడుతుంటే కొండముచ్చులు చెట్లెక్కి చూసి నేర్చుకున్నాయి. ఆ తర్వాత అడవి మొత్తానికీ ఆ పిచ్చి పట్టుకుంది.

ఆట తేలికే. చిన్న తెల్ల బంతి ఉంటుంది. దూరంగా గడ్డిలో ఒక గుంట ఉంటుంది. బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి ఆ గుంటలో పడెయ్యాలి. మొదటి దెబ్బ చాలా దూరం పోవాలి కాబట్టి దానికి వేరే కర్ర ఉంటుంది. పొడుగ్గా, చివర లావుపాటి తలకాయతో ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటారు. బస్సు నడిపే డ్రైవర్ కాదు, ముందే చెబుతున్నా, మళ్ళీ మధ్యలో అడక్కండి.

ఆ అడవిలో సూదిమల్లి అని ఒక ముళ్ళపంది పిల్ల ఉండేది. దానికి వాళ్ళ తాతంటే ప్రాణం. తాత నడుస్తుంటే ఒంటిమీద ముళ్ళు ఘల్లుఘల్లుమనేవి. అందుకని అందరూ ఆయన్ని ఘల్లుతాత అని పిలిచేవారు.

ఏటా వానలు తగ్గాక అక్కడ తాతామనవల పోటీ జరిగేది. మొదటి దెబ్బ మనవలు కొట్టాలి. రెండో దెబ్బ తాతలు కొట్టాలి. అలా మార్చి మార్చి ఆడాలి. అయితే మొదట్లోనే ఒక వాగు అడ్డంగా ఉంది. బంతి వాగు దాటితేనే తాతకి వంతు వస్తుంది. మూడు బంతులిస్తారు. మూడూ నీళ్ళలో పడ్డాయంటే ఇద్దరూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

పోయినేడు సూదిమల్లి కొట్టిన మూడు బంతులూ బుడుంగ్, బుడుంగ్, బుడుంగ్! పాపం, తాత ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా ఇంటికొచ్చాడు.

"పోనీలే తల్లీ, ఎండ బాగుంది. కాస్త నడిచినట్టయింది," అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ మాట సూదిమల్లికి ఏడాదంతా గుర్తుండిపోయింది.

ఈ ఏడు తాతకి చూపు బాగా తగ్గిపోయింది. ఎదురుగా ఉన్న చెట్టు కూడా మసగ్గా కనిపిస్తోంది.

"ఇదే నా చివరి ఆట అమ్మడూ. వచ్చే ఏటికి ఏమీ కనపడదు. ఈసారి ఒక్క దెబ్బ కొడితే చాలు నాకు," అన్నాడు.

ఆ మాట వినగానే సూదిమల్లి పరుగున వడ్రంగి పిట్ట దగ్గరికి పోయింది. అడవిలో అందరికీ కర్రలు చెక్కేది ఆవిడే. పిల్లలందరికీ ఆవిడ వడ్రంగి పిన్ని.

"పిన్నీ, వాగు దాటించే డ్రైవర్ ఒకటి చేసిపెట్టవూ?"

"ఏదీ, ముందు ఒక దెబ్బ కొట్టు, చూస్తాను."

సూదిమల్లి కొట్టింది. పిన్ని తల పక్కకి వంచి చూసింది. ముళ్ళపంది కదా, కర్రని బాగా వెనక్కి ఎత్తలేదు. ఎత్తితే వీపుమీది ముళ్ళకి తగులుతుంది. అందుకని సగమే ఎత్తి మెల్లిగా కొడుతుంది.

పిన్ని రెండ్రోజులు టకటకా చెక్కి ఒక డ్రైవర్ చేసింది. తేలికగా ఉంది. కాస్త పొట్టిగా ఉంది. బంతికి తగిలే దాని ముఖం కొంచెం ఆకాశం వైపు చూస్తోంది.

సూదిమల్లి మూతి ముడిచింది. "ఇదేంటి పిన్నీ, ముసలాళ్ళ ఊతకర్రలా ఉంది! నాకు చుక్కన్న డ్రైవర్ లాంటిది కావాలి."

చుక్కన్నంటే చిరుతపులి. అడవిలో అందరికన్నా దూరం కొట్టేది అతనే. అతని డ్రైవర్ నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది.

"అదీ నేను చేసిందేనే, పిచ్చిదానా," అంది పిన్ని. "విను. కొట్టిన బంతి గాల్లో తన చుట్టూ తానే వెనక్కి గిర్రున తిరుగుతూ ముందుకి పోతుంది. ఆ తిరుగుడే దాన్ని కింద పడకుండా ఎత్తుకుంటుంది. చుక్కన్న దెబ్బ మహా జోరు. తిరుగుడు మరీ ఎక్కువైపోయి బంతి పైపైకి పోయి అక్కడే పడిపోయేది. అందుకని తిరుగుడు తగ్గించే డ్రైవర్ చేశాను. నీ దెబ్బ మెల్లన. తిరుగుడు అసలే తక్కువ. ఆ ఉన్న కాస్తా తీసేస్తే, నీ బంతిని ఎత్తుకునేదెవరే?"

సూదిమల్లి విన్లేదు. మీరైతే వింటారా? నిగనిగలాడేది కళ్ళముందుంటే ఎవరూ వినరు.

చుక్కన్న మంచివాడు. అడగ్గానే ఇచ్చేశాడు. "తీసుకో చెల్లీ. నాకు తాత లేడు కదా, ఈ పోటీలో నేనెలాగూ ఆడను," అన్నాడు.

సూదిమల్లి తెచ్చి ఇంట్లో మూలన పడేసిన పిన్ని డ్రైవర్ని తాత తడిమి చూశాడు. "బాగుందే. నువ్వు దీంతో ఆడనంటే నేను ఊతకర్రగా వాడుకుంటాను," అన్నాడు.

పోటీ రోజు వచ్చింది. వాగొడ్డున జంతువులన్నీ చేరాయి. సూదిమల్లి నల్ల డ్రైవర్ పట్టుకుని నిలబడింది. ఆ కర్ర సూదిమల్లికంటే పొడుగుంది! తాత ఊతకర్ర మీద ఆనుకుని, చెవులు రిక్కించి విన్నాడు.

మొదటి బంతి కొట్టింది. బంతి పైకి లేవనే లేదు. నేలబారుగా పోయి బుడుంగ్ మంది.

"ఎక్కడ పడిందే?" అన్నాడు తాత.

"నీళ్ళలో తాతా."

జోరు చాల్లేదనుకుంది సూదిమల్లి. రెండోసారి పళ్ళు బిగించి, కర్రని చుక్కన్నలాగా బాగా వెనక్కి ఎత్తింది. అంతే! కర్ర ముళ్ళలో ఇరుక్కుంది. లాగి కొట్టేసరికి ఒక ముల్లు పుటుక్కున విరిగింది. బంతి ముందుదానికన్నా దగ్గర్లోనే బుడుంగ్ మంది. చెట్టుమీద కొండముచ్చులు కిచకిచా నవ్వాయి.

ఇక ఒక్క బంతే మిగిలింది. సూదిమల్లి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఎవరిలా కొడుతున్నావమ్మా?" అని అడిగాడు తాత.

"చుక్కన్నలా."

"చుక్కన్న వీపుమీద ముళ్ళు లేవు కదే, బంగారం."

సూదిమల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. "నీకు ఒక్క దెబ్బైనా దక్కాలని తాతా! ఇదొక్కటే నా ఆశ. పోయినేడులా నిన్ను ఉత్తచేతులతో ఇంటికి తీసుకుపోలేను."

తాత దాని తల నిమిరాడు.

సూదిమల్లి చేతిలో ఉన్న డ్రైవర్ని చూసింది. తాత చేతిలో ఉన్నదాన్ని చూసింది. చుట్టూ ఇంతమంది ఉన్నారు. సిగ్గుతో దాని ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. అయినా అడిగింది.

"తాతా, నీ ఊతకర్ర ఒకసారి ఇస్తావా?"

"ఊతకర్రతో కొడుతుందర్రోయ్!" అని అరిచాయి కొండముచ్చులు.

తాత కర్ర ఇచ్చేశాడు. ఆసరా లేక తూలబోయాడు. చుక్కన్న గబుక్కున వచ్చి భుజం ఇచ్చాడు. ముళ్ళు గుచ్చుకున్నా కిక్కురుమనలేదు.

సూదిమల్లి కళ్ళు తుడుచుకుంది. కర్రని ముళ్ళకి తగలకుండా సగమే ఎత్తింది. తన పద్ధతిలో, తన చేతులకి చేతనైనంత మెల్లిగా, టక్కున కొట్టింది.

బంతి లేచింది. వాగు మీదుగా తీరిగ్గా పోతూనే ఉంది. తాతకి అదేమీ కనపడలేదు. బుడుంగ్ కోసం ఊపిరి బిగబట్టి విన్నాడు. ఎంతసేపటికీ ఆ చప్పుడు రాలేదు. దూరంగా, అవతలి గడ్డిలో, చిన్నగా 'టప్' మంది.

"బుడుంగ్ అనలేదేంటే?" అన్నాడు తాత.

"అనలేదు తాతా! దాటింది! నీ వంతు తాతా, నీ వంతు!"

సూదిమల్లి ఒంటిమీది ముళ్ళన్నీ అణిచిపెట్టుకుంది. తాత దాని వీపుమీద చెయ్యేసి బండరాళ్ళ మీదుగా వాగు దాటాడు. బంతిని కాలితో తడిమాడు. గడ్డి వాసన చూశాడు. మనవరాలు కర్రని ఆయన చేతికిచ్చి, గుంట దగ్గర నిలబడి పిలిచింది. ఆ పిలుపు విని, అటుగా కొట్టాడు.

బంతి గుంటకి జానెడు దూరంలో ఆగింది. సూదిమల్లి దాన్ని లోపలికి తోసేసింది. గెలిచారా అని అడుగుతున్నారా? లేదు. అడవిపంది తాత, వాళ్ళ మనవడు గెలిచారు. కానీ ఇంటికెళ్ళే దారంతా ఘల్లుతాత తన దెబ్బ గురించే చెప్పాడు. చెప్పిందే చెప్పాడు. సూదిమల్లి ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వింది.

దారిలో అది నల్ల డ్రైవర్ని చుక్కన్నకి తిరిగిచ్చింది. "చాలా మంచి డ్రైవర్ అన్నా. నీకు," అంది.

వడ్రంగి పిన్ని చెట్టుమీంచి ఫక్కున నవ్వింది.

గుమ్మం దగ్గర తాత ఆగాడు. చేతిలో కర్రని ఒకసారి నిమిరాడు. తను చివరి ఆట అన్న సంగతే మర్చిపోయాడు.

"అమ్మడూ, వచ్చే ఏడు కూడా ఆ గుంట దగ్గర నిలబడి అలాగే పిలుస్తావు కదూ?"

నీతి: ఎదుటివాళ్ళ చేతికి కుదిరింది ఎంత గొప్పదైనా, మన బంతిని ఒడ్డు దాటించేది మన చేతికి కుదిరిందే.