గవ్వలరేవు రుబ్బులమ్మ తల్లి వెలసిన వైనం

గవ్వలరేవులో బస్సు దిగి ఇసుకదారిన నాలుగడుగులు వేస్తే, గుడి కనబడకముందే గరగరమని రుబ్బుతున్న చప్పుడు వినిపిస్తుంది. లోపల విగ్రహమంటూ లేదు. పసుపు రాసిన రోలు, అందులో కాస్త ఒరిగి నిలిచిన పొత్రం, అదే రుబ్బులమ్మ తల్లి. రోలు నల్లరాయి, పొత్రం ఎర్రరాయి. ఒకదాని కోసం ఒకటి చెక్కినవి కావని చూడగానే తెలిసిపోతుంది.

పూర్వం ఇక్కడ తొమ్మిది అట్ల పొయ్యిలుండేవట. వేటకు పోయే పడవవాళ్ళు వేకువనే అక్కడ తిని నీళ్ళలో దిగేవారు. ఒక కార్తీకంలో ఉప్పెన వచ్చి పాకలు, పొయ్యిలు, రోళ్ళు ఊడ్చుకుపోయింది. మెరకకెక్కి మనుషులు బతికారు గానీ బతుకుతెరువు పోయింది. "అమావాస్య దాకా చూస్తాం. పొయ్యి వెలగకపోతే అవతలి రేవుకు పోతాం" అన్నారు పడవవాళ్ళు. పోయినవాళ్ళు మళ్ళీ వస్తారా!

ఆ అట్లు పోసేవాళ్ళలో ఒకతె సన్యాసమ్మ, ఒండ్రు తవ్వి తన రోలు తీసుకుంది. పొత్రం దొరకలేదు. ఎదుటి పొయ్యి నూకరత్నానికి పొత్రం మిగిలింది, రోలు పోయింది. కొబ్బరి పచ్చడి దగ్గర మాటామాటా వచ్చి ఇద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. ఎవరి రాయి వాళ్ళు తాటాకుల కింద దాచుకున్నారు.

అమావాస్య ముందురోజు మధ్యాహ్నం రోలుకు ఆనుకునే కునుకు తీసింది సన్యాసమ్మ. ఎర్రచీర ముసలమ్మ కలలోకి వచ్చి, "ఆకలేస్తోందే తల్లీ. దాచుకున్న రాయి వండిపెడతావా?" అన్నదట.

లేచి, రోలును దొర్లించుకుంటూ ఎదుటి గుమ్మానికి పోయింది.

"ఒలే నూకరత్నం, పొత్రం తియ్యి!"

"నీ రోట్లోనా? నీ నోరులాగే అదీ పెద్ద గొయ్యే కదే!"

"అయితే నువ్వే పూడ్చు, దా."

నూకరత్నానికి నవ్వాగలేదు.

మెరక ఊరివాళ్ళిచ్చిన మినుములు, బియ్యం నానబోశారు. ఒకరు తిప్పుతుంటే ఒకరు పిండి లోపలికి తొయ్యాలి. అలవాటు కొద్దీ మూతి బిగించుకుని మొదలుపెట్టారు. కుదురులేని పొత్రం కింద సన్యాసమ్మ వేళ్ళు నలిగాయి. అప్పటినుంచి "ఊఁ", "ఆగు", "తిప్పు" అనుకోక తప్పలేదు. రాత్రి పొద్దుపోయేసరికి మూడేళ్ళ కబుర్లూ అయిపోయాయి. పిండి మాత్రం బరకగానే వచ్చింది. దాన్నే మళ్ళీ పెట్టుకున్న తొమ్మిది పొయ్యిలకూ పంచారు.

అమావాస్య వేకువన రేవులో తొమ్మిది పొగలు లేచాయి. "బరకగా ఉందమ్మా" అంటూనే పడవవాళ్ళు ఇంకో అట్టు అడిగారు. కలలోని ముసలమ్మే ఆ రాళ్ళలో వెలసిందని రోలూ పొత్రమూ అక్కడే నిలిపి పసుపు రాశారు.

ఇప్పుడు ఇంటింటా కరెంటు గ్రైండర్లే. అయినా ఈ రేవులో కొత్తగా దుకాణం తెరిచినా, దెబ్బతిని మళ్ళీ తెరిచినా, మొదటి పిండి తల్లి రోట్లోనే రుబ్బాలి. రెండో చెయ్యి ఎదుటి దుకాణం వాళ్ళదే కావాలి. మొన్నటి పెద్దజబ్బు కాలంలో మూతపడ్డ దుకాణాలన్నీ అలాగే తెరుచుకున్నాయి. బరక అట్టే ఇక్కడ ప్రసాదం. తిన్నవాళ్ళ పొయ్యి ఆరదని నమ్మకం. పొత్రం ఈనాటికీ కుదురుకోలేదు. ఎంత పగవాళ్ళయినా రుబ్బేటప్పుడు మాట్లాడుకోవలసిందే, లేదంటే తల్లి వేళ్ళు నలుపుతుంది.