రాలిన ఆకుకి మచ్చ లేదు

కాలవ గట్టున ఉన్న ఆ నర్సరీలో అమ్ముడుపోయే మొక్కలన్నీ ముందు వైపు ఉంటాయి. ముసలివి, వంకరవి, కుండీ బీటలిచ్చినవి వెనక పెరట్లోకి చేరతాయి. పెరట్లో ఉండే జీవాలూ కాస్త అలాంటివే. పన్నెండేళ్లు మొక్కల బండి లాగి ఇప్పుడు తీరిగ్గా నెమరేసుకుంటున్న పోలయ్య అనే ఎద్దు, గుడ్డు ఎక్కడ పెట్టిందో మధ్యాహ్నానికే మర్చిపోయే వెంకటలచ్చి అనే బాతు, పదకొండు పిల్లల తల్లి గంగరత్నం అనే కోడి. అయినా సరే, ఆ పెరటిని మించిన పెరడు లోకంలో లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

గోడ వారగా పెద్ద సిమెంటు కుండీలో ఒక క్రోటన్ మొక్క ఉంది. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా కలిసిన ఆకులతో గుబురుగా ఉంటుంది. గంగరత్నం పిల్లలకి ఎండవేళ నీడ అదే.

ఇక్కడ మీకొక సంగతి ముందే చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు. ఆ కుండీ వెనక గోడకి ఒక కంత ఉంది. కోడి పిల్లో కుందేలో సులువుగా పోవచ్చు, కాస్త ఒళ్లు కుదించుకుంటే నక్క కూడా పోవచ్చు. పెరట్లోవాళ్లు ఎవరూ రాకముందు నుంచే కుండీ అక్కడే ఉంది కాబట్టి లోపల ఎవరికీ ఆ కంత సంగతి తెలియదు. బయట తిరిగే నక్కకి మాత్రం బాగా తెలుసు.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో క్రోటన్ ఆకుల మీద మచ్చలు కనిపించాయి. మధ్యలో గోధుమ రంగు, చుట్టూ పసుపు అంచు. పోనీలే అనుకునేలోపు ఆకులు రాలడం మొదలైంది. పొద్దున నాలుగు, మధ్యాహ్నం ఆరు. నాలుగు రోజుల్లో మొక్క సగం బోడిగా తయారైంది.

"ఓలమ్మో, నా పిల్లల నీడ పోతోందే!" అని గంగరత్నం పెరడంతా గోల పెట్టింది.

"ఏడవకు వదినా. రోజూ నేను దానికి చేసే సేవ ఊరికే పోతుందా?" అంది వెంకటలచ్చి.

అప్పుడే వెనక ఇనప గేటు అవతల ఎవరో గొంతు సవరించుకున్నట్టు దగ్గారు. చూస్తే నక్క. మెడలో వేపాకు సంచీ, మొహంలో బోలెడంత జాలి.

"నమస్కారమండి. నన్ను డాక్టర్ శేషావతారం అంటారండి. కుండీ మొక్కలకి వైద్యం చేస్తుంటానండి," అన్నాడు.

గంగరత్నం నాలుగడుగులు వెనక్కి వేసింది. "నువ్వు నక్కవి కదయ్యా?"

"నక్కనేనండి, కాదని ఎందుకంటాను? పళ్లు కదిలిపోయాక ఆ తిండి మానేశానండి. మీరు గేటు తియ్యొద్దు, నేను లోపలికి రానూ రాను. రోగం ఇక్కణ్నుంచే చెప్పేస్తాను."

ఆ మాటకి గంగరత్నం కాస్త మెత్తబడింది. లోపలికి రానన్న నక్కని ఆవిడ అంతకుముందు చూడలేదు.

"మచ్చలొచ్చాయాండి? ఆకులు రాలుతున్నాయాండి? అయితే ఇంక సందేహమే లేదు. ముందు మచ్చ పడుతుంది, మచ్చ పడ్డ ఆకు రాలుతుంది, రాలిన ఆకుని పిల్లలు పొడుస్తాయి. ఆ తర్వాత..." అని ఆగిపోయాడు శేషావతారం.

"ఆ తర్వాత?"

"తల్లి దగ్గర అనలేనండి. ఈకలు రాలతాయి."

గంగరత్నానికి పదకొండు పిల్లలూ బోడిగా కళ్ల ముందు నిలబడ్డాయి. "మందేదైనా ఉందా బాబూ?" అంది. నువ్వు అన్న నోరు బాబూ అనడానికి అంతసేపే పట్టింది.

"మందు అక్కర్లేదండి. రోగమొచ్చిన కుండీని వేరుగా పెట్టాలి. గోడ దగ్గర్నుంచి తీయించి, ఇదిగో ఈ గేటు పక్కన పెట్టించండి. నర్సరీవాళ్లు చేసేదీ అదేనండి, కనుక్కోండి."

అది నిజమే. నర్సరీవాళ్లు జబ్బు మొక్కని వేరుగానే పెడతారు. అబద్ధం చెప్పేవాడు ఒక నిజాన్ని వెంట తెచ్చుకుంటే వాణ్ని పట్టుకోవడం ఎంత కష్టమో చూడండి.

గంగరత్నం పరుగున పోలయ్య దగ్గరికి వెళ్లింది. అంత కుండీని జరపగలిగింది ఆయనొక్కడే.

"మావయ్యా, లే. కుండీ జరపాలి. ఇప్పుడే జరపాలి. డాక్టరుగారు చెప్పారు."

పోలయ్య నెమరు ఆపలేదు. "ఏ డాక్టరు?"

"నక్క డాక్టరు."

నెమరు ఆగింది. "ఆకు చూశాడా?"

"చూడకుండానే చెప్పేశాడు మావయ్యా! అంత గొప్పోడు."

"అలాగా," అని పోలయ్య నెమ్మదిగా లేచాడు. ఆయన లేవడానికి పట్టే సమయంలో గంగరత్నం మూడుసార్లు పెరడు చుట్టి రాగలదు, చుట్టి వచ్చింది కూడా. "జరుపుతానులేమ్మా. ముందు కింద రాలిన ఆకులు నాలుగు పట్రా."

గంగరత్నం ముక్కుతో కరిచి పట్టుకొచ్చింది. పోలయ్య వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు.

"వీటికి మచ్చలేవీ?"

గంగరత్నం ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఒక్క మచ్చ లేదు. ఇంకో పది తెచ్చింది. వాటికీ లేదు.

"మచ్చ పడ్డవి ఎక్కడున్నాయి?"

"చెట్టుకే ఉన్నాయి మావయ్యా. ఇంకా గట్టిగానే ఉన్నాయి."

"మరి మచ్చ పడ్డ ఆకు రాలుతుందన్నాడు కదా మీ డాక్టరు. ఇక్కడ మచ్చ పడ్డది రాలలేదు, రాలినదానికి మచ్చ పడలేదు. ఇది ఒక రోగం కాదమ్మా, రెండు. పద, చూద్దాం."

కుండీ దగ్గర పోలయ్య ముందు మచ్చలున్న ఆకులు చూశాడు. అన్నీ కింది కొమ్మలవే. అన్నీ పెరటి వైపువే. నేల నుంచి కొలిస్తే బాతు ఎత్తు దాటి పైన ఒక్కటీ లేదు.

"లచ్చీ, సాయంత్రం కాలవ నుంచి వచ్చాక ఒళ్లు ఎక్కడ విదుల్చుకుంటావు?"

వెంకటలచ్చి మెడ నిటారుగా పెట్టింది. "ఇక్కడే! పాపం మొక్కకి స్నానం చేయించినట్టుంటుందని రోజూ ఇక్కడే. నా సేవ ఇన్నాళ్లకి మీ కంట పడింది."

"పడిందమ్మా. చీకటిపడేముందు నీళ్లు చల్లితే ఆకు తెల్లారేదాకా ఆరదు. ఆరని ఆకుకి ఇలాంటి మచ్చే వస్తుంది. నీళ్లు పొద్దున పొయ్యాలి, మట్టికి పొయ్యాలి, ఆకుకి కాదు."

వెంకటలచ్చి మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్లూ నేను పెట్టిన ముద్దులన్నీ మచ్చలయ్యాయా?" అని ముక్కు రెక్కలో దూర్చుకుంది. గంగరత్నం వెళ్లి పక్కన ఆనుకుని నిలబడింది. తిట్టాలనే వెళ్లింది గానీ తిట్టలేకపోయింది.

"సరే, మరి రాలడం?" అంది గంగరత్నం.

"పన్నెండేళ్లు క్రోటన్లు మోశాను. బండిలోంచి దింపి కొత్త చోట పెట్టిన ప్రతిసారీ వారం రోజులు ఆకులు రాల్చేవి. మాలీలు నవ్వుకునేవారు. ఈ జాతికి చోటు మారితే అలకమ్మా. మంచి ఆకుల్నే రాల్చేస్తుంది."

"దీని చోటు ఎవరు మార్చారు? ఇది ఎప్పుడూ ఇక్కడే ఉంది కదా!"

పోలయ్య కుండీకీ గోడకీ మధ్య తల వంచి చూపించాడు. కుండీ వెనక అంచున, నేల మీద పాత గుండ్రటి తడి గుర్తు బయటపడి ఉంది. కుండీ సరిగ్గా ఆ గుర్తు మీద లేదు. బెత్తెడు ముందుకి జరిగి ఉంది. దాని వెనక గోడలో కంత, కంత అంచున ఎర్రటి బొచ్చు.

కోడికి ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ బయట నుంచి ఎవడో నెట్టాడు. బెత్తెడు కంటే జరగలేదు. జరపగలిగినవాడు లోపలే ఉన్నాడని తెలుసుకుని డాక్టరయ్యాడు. తన పదకొండు పిల్లలూ రోజూ ఆ కంతకి జానెడు దూరంలో నిద్రపోయాయని తలుచుకుని గంగరత్నం వాటన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంది. కాసేపటికి ఆ భయమంతా కోపంగా మారింది.

"మావయ్యా, వైద్యం మనమే చేద్దాం," అంది.

మర్నాడు ఉదయం గేటు దగ్గరికి వెళ్లి చాలా వినయంగా చెప్పింది. "డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నామండి. మధ్యాహ్నం మావయ్య కుండీ జరిపేసి పడుకుంటాడు. మీ మేలు మర్చిపోం."

"అదేం మాటండి, మీ పిల్లలు నా పిల్లలు కారా?" అన్నాడు శేషావతారం. నోట్లో ఊరిన నీళ్లు గుటక వేశాడు.

మధ్యాహ్నమైంది. గంగరత్నం పిల్లల్ని ఎరువుల షెడ్డులోకి తోలి తలుపు దగ్గర నిలబడింది. పోలయ్య నుదుటితో కుండీని పక్కకి నెట్టి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కంతలోంచి వెలుతురు లోపలికి పడింది. ముందు ఒక ముక్కు వచ్చింది. తర్వాత రెండు చెవులు. మెడ దాకా రాగానే పోలయ్య నుదురు ఆనించి కుండీని వెనక్కి తోశాడు.

"కుయ్యో!" అన్నాడు డాక్టరు. తల లోపల, ఒళ్లు బయట.

"ఏమండీ డాక్టరుగారూ, లోపలికి రానన్నారే?" అంది గంగరత్నం.

"రాలేదండి, చూడ్డానికి... ఆకు చూడ్డానికి వచ్చానండి!"

"ఇప్పటికైనా ఆకు చూడాలనిపించింది, సంతోషం," అన్నాడు పోలయ్య.

"మాటలెందుకు మావయ్యా, రోగిని నాకు అప్పజెప్పండి," అంటూ అప్పుడే కాలవలోంచి వచ్చిన వెంకటలచ్చి వాడి మొహం ముందు నిలబడి, ఒళ్లంతా కుదిపి కుదిపి విదుల్చుకుంది. ఇన్నాళ్ల సేవా ఒక్కసారే చేసింది. తర్వాత గంగరత్నం వచ్చి ముక్కు మీద పదకొండు పోట్లు పొడిచింది, పిల్లకొకటి చొప్పున. లెక్క తప్పిందేమోనని ఇంకో రెండు వేసింది.

పోలయ్య కుండీని కాస్త వదులు చేశాడు. శేషావతారం మెడ చుట్టూ ఉన్న బొచ్చు గోడకే వదిలేసి, వేపాకు సంచీ కూడా పారేసుకుని, కాలవ గట్టు మీద దుమ్ము లేచేలా పరిగెత్తాడు. ఆ గట్టున మళ్లీ మొక్కల డాక్టరు మాట ఎవరూ వినలేదు.

కుండీ పాత చోటుకి వచ్చింది. మచ్చల ఆకులు తుంచి దూరంగా పారేశారు. వెంకటలచ్చి గేటు పక్కన ఇటుకల మీద ఒళ్లు విదుల్చుకోవడం నేర్చుకుంది. రెండు రోజులకి గంగరత్నం మళ్లీ గోల పెట్టింది. "మావయ్యా, మళ్లీ రాలుతున్నాయి!"

"మళ్లీ చోటు మార్చాం కదమ్మా. అలగనీ," అన్నాడు పోలయ్య, నెమరు ఆపకుండా. పదిహేను రోజుల తర్వాత కొమ్మ చివర వేలెడంత ఎర్రటి చిగురు కనిపించింది. పదకొండు పిల్లలూ దాన్ని చూడ్డానికి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

నీతి: ఆకు చూడకుండా రోగం చెప్పేవాడు, మన రోగం కోసం కాక తన అవసరం కోసం వచ్చి ఉంటాడు.