తేనెవేటకు జంబయ్య ఎంచుకున్న సంచి

నెమలిగుట్ట అడవిలో ఆ ఏడు ఇప్పచెట్లు పూయలేదు. ఈతపళ్లు పండకముందే ఎండి రాలాయి. చెదపుట్టలు తవ్వితే గోళ్లకు మట్టి, ముక్కుకు దుమ్ము తప్ప మరేమీ దక్కడం లేదు. అడవిలో ఏ ఇద్దరు కలిసినా తిండి మాటే.

ఎలుగుబంటి జంబయ్య ఇంట్లోనూ అదే గోల. ఇద్దరు పిల్లలూ తల్లి బసమ్మ చుట్టూ తిరుగుతూ ఆమె చేతులు నాకుతున్నారు, ఎప్పుడో అంటిన తేనె వాసన ఇంకా మిగిలి ఉందేమోనని.

"ఏమయ్యా, పెద్దబండకు ఎప్పుడు పోతావు?" అంది బసమ్మ.

జంబయ్య గుట్టల వైపు చూశాడు. పెద్దబండ మూడు గుట్టల అవతల ఉంది. రెండు రోజుల నడక. నిలువు కొండకు తేనెపట్లు బారులు తీరి వేలాడే చోటు. కిందటేడు అక్కడికే వెళ్లాడు. వెంట ఒకే ఒక్క నీళ్లబుర్ర. రెండో రోజు మధ్యాహ్నానికల్లా అది అడుగంటింది. తేనెపట్లు కళ్లెదురుగా కనిపిస్తుండగానే, నాలుక పిడచగట్టి, ఒట్టి చేతులతో వెనక్కి తిరిగాడు. "పెళ్లికి పోయి తలంబ్రాలు చూడకుండా వచ్చాడు" అని అడవంతా నవ్వింది. నవ్వినవాళ్లు మర్చిపోయారు. ఆ ఎండలో తూలుతూ నడిచిన నడకను మాత్రం జంబయ్య మర్చిపోలేదు.

"పోతాను. ఈసారి ఏ లోటూ లేకుండా పోతాను" అన్నాడు చివరికి.

వాగొడ్డున తుమ్మచెట్టు మీద గిజిగాడు సిద్దప్ప కాపురం. గూళ్లు అల్లడంలో ఆ పిట్టను మించినవాడు లేడు. తన గూటికి పోగా మిగిలిన నారతో, దూరం పోయేవాళ్లకు సంచులు అల్లిపెట్టేవాడు. వాడినంత నార తెచ్చిస్తే చాలు, ఇంకేమీ అడిగేవాడు కాదు.

జంబయ్య ఒక మోపు నార భుజాన వేసుకుని వెళ్లాడు. వెనకాలే నక్క తిరుపాలు కూడా వచ్చాడు. పిలవని పేరంటానికి పోవడం తిరుపాలుకు పుట్టుకతో అబ్బిన విద్య. కొండ ఎక్కలేడు, తేనెటీగ అంటే హడలు. అయినా "ఒంటరిగా ఏం పోతావు బావా, నేను తోడొస్తా. కింద కాపలా ఉంటా. నాకు ఒక పిడికెడు పెట్టు చాలు" అని జంబయ్యను ఎలాగో ఒప్పించాడు.

"కాస్త వంగు అన్నా" అన్నాడు సిద్దప్ప. ఒక నారపోగు ముక్కున పట్టుకుని జంబయ్య మెడ కింది ఎముక నుంచి తుంటి ఎముక దాకా కొలిచాడు. "ఇదిగో, ఈ మధ్యరకం సంచి నీకు అతికినట్టుంటుంది. నడుంపట్టీ తుంటి మీద బిగించు. అప్పుడు బరువు కాళ్ల మీదికి దిగుతుంది. భుజాలకు వేలాడేశావా, మెడ పట్టేస్తుంది."

"మరి ఆ బుల్లిది?"

"అది ఎదసంచి. రొమ్ము మీద కట్టుకోవాలి. ఇందులో ఏం పెట్టాలో నేను చెప్పను, నువ్వే చెప్పు. ఒక చెయ్యి బండను పట్టుకుని ఉంటుంది. రెండో చేతికి ఏం కావాలి?"

జంబయ్య ఒక చెయ్యి తుమ్మచెట్టుకు ఆనించి, రెండో చెయ్యి చాపి చూసుకున్నాడు. "ఈగల్ని తోలే పొగ. చెకుముకి రాయి, పొగకట్ట."

"అవే పెట్టు. మూడోది పెట్టకు."

ఇంతలో తిరుపాలు చూపు పై కొమ్మ మీద పడింది. అక్కడ ఇంకో సంచి వేలాడుతోంది. అందులో ఎలుగుబంటి పిల్లలు నలుగురు పడుకోవచ్చు.

"అదెవరిది సిద్దప్పా?"

"అడవిదున్న చేయించుకున్నాడు. తీరా వచ్చి చూసి, 'ఇంత మోసే రాత ఉంటే ఊళ్లోనే పుట్టేవాణ్ని కదా' అని వదిలేసి పోయాడు."

తిరుపాలు జంబయ్య చెవి దగ్గరికి జరిగాడు. "బావా, నీ మంచి కోరి చెబుతున్నా. కిందటేడు సంగతి మర్చిపోయావా? ఉన్న వస్తువు అవసరం పడకపోతే పోయేదేమీ లేదు. అవసరమైన వస్తువు లేకపోతే?"

ఆ "లేకపోతే" అనే మాట జంబయ్య గుండెలో ముల్లులా దిగింది. ఎండా, తూలుడూ, పిడచగట్టిన నాలుకా అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పాము కరిచినవాడు తాడు చూసినా ఉలిక్కిపడతాడు.

"ఆ పెద్దదే ఇవ్వు సిద్దప్పా" అన్నాడు.

"అది నీ కొలత కాదన్నా."

"పర్లేదు, ఇవ్వు."

సిద్దప్ప ఎగిరి పై కొమ్మ మీద వాలాడు. "వీపు నీది, ఇష్టం నీది" అని సంచి దించి ఇచ్చాడు. ఎదసంచి కూడా చేతిలో పెట్టాడు. "మూతి ముడీ, పట్టీల ముడులూ ఒక్క గుంజుకు ఊడేలా వేసుకో. బిగుసుకుపోయే ముడి వేయకు" అని మాత్రం చెప్పాడు.

బయల్దేరే రోజున బసమ్మ రెండు నీళ్లబుర్రలు తెచ్చింది. అవి ఒకదానికొకటి తగిలి పగలకుండా జంబయ్య పాత సంచిని మధ్యలో చుట్టి పెట్టింది. ఎండు రేగువడియాలు పెట్టింది. అన్నీ పెట్టినా సంచి సగం కూడా నిండలేదు.

"ఖాళీ సంచి నడుస్తుంటే ఊగుతుంది బావా. ఊగితే వీపు నొప్పి" అంటూ తిరుపాలు తన ఎండుపీతల మూట అందులో పడేశాడు. ఆ తర్వాత నెమలీకల పరుపు. ఆ తర్వాత వీపు గోక్కునే గరుకురాయి. పొదలో అడ్డంగా దొర్లే నక్కకు పరుపేమిటని బసమ్మ నోరు తెరవబోయింది గానీ, ప్రయాణం పెట్టుకుని పోట్లాట ఎందుకని ఊరుకుంది.

"ఎదసంచి కూడా నీకెందుకు బావా? ఈ ఎండలో రొమ్ము మీద ఉక్కపోస్తుంది. కొండకు రాసుకుని పొగకట్ట నలిగిపోతుంది కూడా. దాన్నీ చెకుముకినీ పెద్ద సంచి అడుగున భద్రంగా పెట్టు. ఈ బుల్లిది నేను తగిలించుకుంటా."

అలా ఎదసంచి నక్క మెడలోకి చేరింది. అందులోకి దారిలో నమలడానికి నాలుగు పీతలు చేరాయి.

నడక మొదలైంది. పెద్ద సంచి నడుంపట్టీ జంబయ్య తుంటి మీద ఆగలేదు, తొడల మీదికి జారిపోయింది. బరువంతా భుజాలే మోశాయి. చెట్టు కింద వంగితే సంచి కొమ్మకు పట్టుకునేది. దిగుడులో ముందుకు తోసేది, ఎక్కుడులో వెనక్కి లాగేది. మొదటి గుట్ట దిగేసరికి జంబయ్య రొప్పుతున్నాడు. అయినా, 'బరువైతే ఏం, ఈసారి లోటంటూ లేదు' అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా కాస్త ధైర్యం వచ్చేది. పది అడుగులు వేయగానే ఆ ధైర్యం చెమటతో పాటు కారిపోయేది.

ముందు నడుస్తున్న తిరుపాలు మటుకు తోక ఊపుకుంటూ, పీతకాళ్లు కొరుకుతూ, "దారి ఎంత హాయిగా ఉంది బావా!" అన్నాడు.

రెండో రోజు పొద్దెక్కేసరికి పెద్దబండ కింద నిలబడ్డారు. పైన ఏడెనిమిది తేనెపట్లు నల్లగా, నిండుగా వేలాడుతున్నాయి.

సంచి కింద పెట్టి ఎక్కుదామా అనుకున్నాడు జంబయ్య. కానీ చెయ్యి పట్టీ వదలలేదు. పైకెళ్లాక ఏదో ఒకటి కావాల్సి వస్తే? అలాగే వీపున వేసుకుని ఎక్కాడు. మూడు నిలువులు ఎక్కి, ఒక బండఅంచు మీద కాలూని పక్కకు తిరిగాడు. తిరగగానే సంచి వెళ్లి కొండకు గీరుకుంది. గరుకురాయి బుర్రకు తగిలి ఠంగుమంది.

ఆ చప్పుడుకు తేనెటీగలు లేచాయి.

ముందు ఒక్కటి, వెనకాల వంద. జంబయ్య ఎడమ చేత్తో బండను పట్టుకుని కుడి చేత్తో వీపు తడుముకున్నాడు. పొగకట్ట సంచిలోనే ఉంది, నిజమే. పరుపు కింద, పీతల మూట కింద, బుర్రల కింద ఉంది. వేళ్లు సంచి మూతి దాకా కూడా అందలేదు.

"తిరుపాలూ! పైకి రా! సంచి అడుగున పొగకట్ట ఉంది, తీసివ్వు!"

కింద పొద కదిలింది. "నీకు అన్నీ ఉన్నాయిగా బావా!" అని పొదలోంచి గొంతు మాత్రమే వచ్చింది.

ఒకటి ముక్కు మీద, ఒకటి కనురెప్ప మీద కుట్టాయి. జంబయ్య పట్టీ ముడి గుంజాడు. సంచి కిందికి దొర్లింది. ఆ వెనకే తానూ బండకు ఒళ్లు గీరుకుంటూ జారి, వెదురుపొదల్లోకి దూరిపోయాడు. ఈగలు చాలాసేపు పొద చుట్టూ తిరిగి, విసిగి, పట్ల దగ్గరికి వెళ్లిపోయాయి.

ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. జంబయ్య కదలకుండా కూర్చుని, తెరుచుకున్న ఒక్క కన్నుతో ఎదురుగా పడి ఉన్న సంచిని చూశాడు. తర్వాత దాన్ని దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క వస్తువూ తీసి నేల మీద పరిచాడు. తనవి ఒక పక్క, తిరుపాలువి ఒక పక్క. తనవి చిన్న కుప్ప. నక్కవి దానికి మూడింతలు.

అడుగున, పగలకుండా మిగిలిన బుర్రల మధ్య పాత సంచి బయటపడింది. నడుంపట్టీ అరిగి నునుపెక్కి ఉంది. నాలుగేళ్లుగా తన తుంటి మీద కూర్చున్న పట్టీ అది. ఎక్కడా చిరగలేదు. జంబయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని పట్టీని వేలితో నిమిరాడు.

తిరుపాలు మెల్లగా పొదలోంచి వచ్చాడు. "అయ్యో బావా, ఎంత పని జరిగింది! నేను వద్దామనే అనుకున్నా..."

"తిరుపాలూ, కిందటేడు నాకు తక్కువైంది ఏమిటో తెలుసా?"

"ఇంకేముంది, సంచి."

"కాదు. ఇంకో బుర్ర నీళ్లు. అంతే. అది ఈ పాత సంచిలోనే పట్టేది."

తిరుపాలు తోక నాక్కున్నాడు.

జంబయ్య గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "రేపు మళ్లీ ఎక్కుతా. తేనె దించుతా. కానీ ఇక్కణ్నుంచి ఎవరి సంచి వాళ్లదే. ఎవరు మోసినంత తేనె వాళ్లది. ఏ సంచి కావాలో ముందు నువ్వే తీసుకో."

తిరుపాలు కళ్లు మెరిశాయి. పిడికెడు అడిగితే బస్తా వచ్చింది! "నువ్వు పెద్ద మనసున్నవాడివి బావా" అంటూ గబగబా ఎదసంచి విప్పి జంబయ్య ముందు పడేసి, పెద్ద సంచిని రెండు చేతులా వాటేసుకున్నాడు.

"నీ ఒంటికి అది పెద్దదవుతుంది. ఆలోచించుకో."

"ఆలోచించాను బావా!"

మర్నాడు ఈగలు ఇంకా బద్ధకంగా ఉన్న వేళ జంబయ్య ఎక్కాడు. వీపు మీద ఏమీ లేదు. రొమ్ము మీద ఎదసంచి, అందులో చెకుముకి, పొగకట్ట. బండఅంచు మీద నిలబడి ఒక చేత్తో మూతి ముడి గుంజాడు. పొగ లేచింది. ఈగలు పక్కకు తప్పుకున్నాయి. ప్రతి పట్టులోనూ సగమే కోసి, సగం వాటికే వదిలాడు. ఆకుల్లో చుట్టి కిందికి జారవిడిచాడు.

పాత సంచి నిండేదాకా తన వంతు సర్దుకుని నడుంపట్టీ బిగించాడు. తిరుపాలు మాత్రం ఆగలేదు. పరుపుకూ పీతలకూ తోడు, దొరికిన తేనెపట్టునల్లా కుక్కాడు. సంచి నిలబెడితే తనకంటే ఎత్తుంది. జారిపోకుండా పట్టీలను ఒంటి చుట్టూ మూడు చుట్లు తిప్పి, పళ్లతో బిగించి ముడివేశాడు.

"ఆ ముడి అలా వేయకు. ఊడదు" అన్నాడు జంబయ్య.

"ఊడకూడదనే కదా వేసింది!"

"పోనీ సగం ఇక్కడ వదిలెయ్. మళ్లీ వచ్చి తీసుకెళ్లొచ్చు."

"దొరికింది వదిలేవాణ్ని నక్క అనరు బావా."

తిరుగుదారిలో మొదటి గుట్ట మలుపులో రెండు బండల మధ్య ఇరుకు సందు ఉంది. వచ్చేటప్పుడు సంచి ఇంత నిండుగా లేదు కాబట్టి ఎలాగో దూరింది. జంబయ్య పక్కకు తిరిగి దాటేశాడు. వెనక 'కుయ్యో' అని వినిపించింది. తిరుపాలు తల సందుకు ఇవతలా, తోక అవతలా. మధ్యలో సంచి. ముందుకు రాడు, వెనక్కి పోడు. నలిగిన పట్ల నుంచి తేనె ధారగా కారి మెడ మీదుగా మూతి మీదికి దిగుతోంది. నాలుక చాపి రెండు చుక్కలు నాకాడు. అప్పటికే బండ పగులులోంచి ఎర్రచీమలు బారులు కట్టాయి.

"బావా! ముడి! ముడి విప్పు!"

జంబయ్య తన సంచి దించి వెనక్కి వచ్చాడు. ముడి రాయిలా బిగుసుకుంది. పట్టీని పళ్లతో కొరికి తెంచి నక్కను మెడ పట్టుకుని ఇవతలికి లాగాడు. సంచి సందులోనే ఉండిపోయింది, చీమలకు ఏడాదికి సరిపడా పండగలా. తిరుపాలు ఒళ్లంతా దద్దుర్లు, మూతి ఉబ్బి గుమ్మడికాయ. చేతిలో పీతకాలు కూడా మిగల్లేదు.

మిగిలిన దారంతా అతను జంబయ్య వెనకాలే నడిచాడు.  రెండో గుట్ట మీద నీళ్లు తాగడానికి ఆగినప్పుడు జంబయ్య తన సంచిలోంచి ఒక పట్టుముక్క తుంచి ఇచ్చాడు. తిరుపాలు తల ఎత్తకుండా అందుకున్నాడు. అది సరిగ్గా ఒక పిడికెడు ఉంది.

భయం కట్టిన మూటలో మన వస్తువుల కంటే ఎదుటివాడి బరువే ఎక్కువ.