గడ్డి పరుపు, ఆకు పరుపు

కొండవాగు చుట్టూ మూడు రాజ్యాలుండేవి. అవతల పైన గట్టు మీద మేకలు, ఇవతలి ఒడ్డున పచ్చికలో గొర్రెలు, వాగు మలుపులో మడుగు దగ్గర బర్రెలు. మూడు మందలూ తాగేది ఒకటే నీరు. అయినా ఒకరితో ఒకరికి మాటలు పోయి చాలా కాలమైంది. దానికి కారణం నక్క. గొర్రెల దగ్గర కూర్చుని, మేకలకు పాటా పద్ధతీ లేవనేది. మేకల దగ్గరకెళ్లి, బర్రెలు వట్టి మొరటువనేది. మందలు కలిసి మేస్తే దానికి తినడానికి పిల్ల దొరకదు మరి.

ఒక ముసురు మధ్యాహ్నం చుక్కి అనే మేకపిల్ల గట్టు మీంచి జారి వాగులో పడింది. నీళ్లు దాన్ని ఈడ్చుకొచ్చి పచ్చిక ఒడ్డున పడేశాయి. గొర్రెల్లో పెద్దదైన బొల్లవ్వ చూసి, వణుకుతున్న పిల్లను తన ఉన్నిలోకి పొదువుకుంది.

సంగతి తెలిసి నక్క పరుగున వచ్చింది. పరాయి పిల్లను ఉంచుకుంటే మేకలు యుద్ధానికొస్తాయని భయపెట్టింది. తనకిస్తే తల్లి దగ్గర దించొస్తానంది. ఇచ్చెయ్యమని మిగతా గొర్రెలూ తొందరపెట్టాయి. బొల్లవ్వకు మనసొప్పలేదు. ముందు పిల్ల ఏడుపైనా ఆపుదామని, తన పిల్లలకు పాడే జోల ఎత్తుకుంది.

"మబ్బమ్మ వచ్చింది, మాటాడకమ్మా... గడ్డి పరుపేశాను, కన్ను మూయమ్మా..."

చుక్కి ఏడుపు ఆపింది. "గడ్డి కాదవ్వా, ఆకు," అంది మగతగా. "ఆకు పరుపేశాను అనాలి. మా అమ్మ అలాగే పాడుతుంది."

బొల్లవ్వ నక్క వైపు తిరిగి, "నాయనా, వాళ్లకు పాటే లేదన్నావు. మరి నా జోల ఈ పిల్లకెలా వచ్చింది?" అని అడిగింది.

నక్క తడబడి, మేకలు దొంగిలించి ఉంటాయంది.

"బిడ్డను నిద్రపుచ్చడానికి పాట దొంగిలించేవాళ్లు చెడ్డవాళ్లెలా అవుతారు? పిల్లను నేనే దించొస్తాను. నువ్వెళ్లు."

వాగు పోటు మీద ఉంది. బొల్లవ్వ బెరుకుబెరుకుగా మడుగు దగ్గరికెళ్లి కర్రెమ్మ అనే బర్రెను సాయమడిగింది. కర్రెమ్మ ఏమీ అడక్కుండా వీపు వంచి ఇద్దరినీ ఎక్కించుకుంది. నడివాగులో పిల్ల బెదరకుండా తనూ జోల అందుకుంది. ఆ పాటలో పరుపు బురద పరుపు. ఈసారి సరిదిద్దడానికి చుక్కి మేలుకుని లేదు.

అవతలి ఒడ్డున పిల్ల కోసం వెతుకుతూ తిరుగుతున్న తల్లిమేక ఎదురొచ్చింది. పిల్లను నాకింది, బొల్లవ్వ తడి మొహాన్నీ నాకింది, కర్రెమ్మ మూతినీ నాకింది. ఇవతలి ఒడ్డున నక్క చాలాసేపు చూసి, ఖాళీ కడుపుతో అడవిదారి పట్టింది.

తర్వాత కూడా మూడు రాజ్యాలూ మూడుగానే ఉన్నాయి. ఎవరి మేత వాళ్లదే, ఎవరి పరుపు వాళ్లదే. కానీ దారిన పోయే కొంగలు ఇది ఏ ఊరని అడిగితే, మందలు ముందు తమ రాజ్యం పేరు చెప్పి, మూడూ కలిపి జోలసీమ అంటారని చెప్పేవి.

పొలిమేర వేరైనంత మాత్రాన పొరుగువాళ్లు పరాయివాళ్లు కారు.