లీవరు మీద చెయ్యి

గంగాదేవి చేతి చురుకు ఆ ఉక్కు ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అంత చురుకైన చేతికి కరిగిన ఉక్కు మాత్రం లొంగలేదు.

పై తొట్టిలోంచి ఉక్కు ధార కింది రాగి అచ్చులోకి తెగకుండా దిగి, అక్కడ గడ్డకట్టి కడ్డీగా కిందికి రావాలి. అచ్చులో మట్టం గీత దగ్గర నిలవాలి. ఎక్కువైతే పొంగిపోతుంది. మరీ తగ్గితే కింద అప్పుడే గడ్డకడుతున్న పలుచటి పొర చిరిగి, ఉక్కంతా నేలపాలవుతుంది. ధారను పెంచినా తగ్గించినా ఒక్క లీవరుతోనే. ఆ లీవరు పట్టుకుని గంగాదేవి ఇప్పటికే రెండుసార్లు పోత ఆగేలా చేసింది. ఈ సాయంత్రం కూడా ఆగిందంటే, మళ్ళీ కడ్డీలు మోసే పనికే పోవాలి.

"అట్ల మజ్జిగ చిలికినట్టు చిలుకుతాంటే అదేం నిలబడతాది పాపా?" క్రేను నడిపే ఓబులేసు నవ్వాడు.

ఉక్రోషంతో, తనకు పని నేర్పే ఉస్తాద్ హుసేన్ పీరా దగ్గరికి పోయింది. ఆయన గేటు పక్కన వంకాయ మొక్కలకు నీళ్ళు పెడుతున్నాడు.

"రెప్ప కూడా వాల్చడంల్యా ఉస్తాద్. మట్టం ఇంత కదిలితే చాలు, లీవరు తిప్పుతాండా. ఐనా నా మాట వినదు."

ఆయన అడుగున చిల్లిపడ్డ బకెట్టు తెచ్చి, పొడుగాటి పైపు కొస అందులో వేశాడు. లోపల బొగ్గుతో గీత గీశాడు.

"నీళ్ళు ఈడ నిలబెట్టు."

ఆమె కుళాయి తిప్పింది. నీళ్ళు గీత దాటిపోయాయి. కట్టేసింది. కిందికి జారిపోయాయి. గబగబా తిప్పింది. మళ్ళీ దాటాయి. కాళ్ళు తడిశాయి గానీ నీళ్ళు నిలవలేదు.

ఈసారి ఉస్తాద్ కుళాయి కాస్తంత తిప్పి, చెయ్యి తీసేశాడు. బకెట్టులో నీళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నాయి.

"తగ్గిపోతాంది ఉస్తాద్!" ఆమె చెయ్యి ముందుకు ఉరికింది. ఆయన ఆ మణికట్టు పట్టుకున్నాడు.

తిప్పిన నీళ్ళు పైపంతా దాటి వచ్చేసరికి దిగడం నెమ్మదించింది. ఆగింది. నీళ్ళు మెల్లగా పైకొచ్చి గీతను తాకాయి.

"చెప్పినావు, బాగుంది. అది వినేదాకా ఉండవా?" అని ఆయన మళ్ళీ మొక్కల వైపు పోయాడు.

సాయంత్రం పోత మొదలైంది. అచ్చులో మట్టం జారింది. గంగాదేవి లీవరు వెంట్రుకవాసి జరిపింది. మట్టం ఇంకా జారుతోంది.

"తగ్గుతాంది పాపో!" పైనుంచి ఓబులేసు అరిచాడు.

ఆమె ఎడమచేత్తో తన కుడిచేతి మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడింది.

కింద ఎర్రటి కడ్డీ తెగకుండా వస్తూనే ఉంది.