సర్పంచి ఖాళీ గది

పెట్రోలు దొరకదన్న పుకారు పుట్టగానే సర్పంచి పురుషోత్తం బంకులో ఉన్నదంతా క్యాన్లలో పట్టించి, ఇంటి పక్క రాతిగదిలో దాచేశాడు. మూడోనాడు ఆటో నడిపే ఈరన్న చెల్లెలికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే పట్నం తీసుకుపొమ్మంది మంత్రసాని. ఆటోలో చుక్క లేదు.

ఈరన్న పరుగున సర్పంచి దగ్గరికి వెళ్లాడు.

"రెండు లీటర్లు ఇప్పించండయ్యా, రెండు ప్రాణాలు నిలబడతాయి."

"నా దగ్గరెక్కడిదిరా? కావాలంటే ఊరంతా వినేలా చెబుతా, ఆ గది ఖాళీ!"

గదిలోంచి గుప్పున పెట్రోలు వాసన కొడుతోంది.

"సరే లెండయ్యా. కాళ్లు వణుకుతున్నాయి, ఒక బీడీ కాల్చుకుని పోతాను," అంటూ ఆ గది గడప మీదే కూలబడి అగ్గిపెట్టె తీశాడు. పుల్ల గీసే తెగువ తనకు లేదని అతనికి తెలుసు. అయినా పుల్ల పైకెత్తాడు.

"ఒరే, వద్దురా! అంటుకుంటే అందరం మాడిపోతాం!" సర్పంచి ఊరంతా వినేలా కెవ్వుమన్నాడు.

"ఖాళీ గదిలో అంటుకోవడానికేముందయ్యా?"

సర్పంచి తనే తాళం తీసి క్యాను అందించాడు.

తల్లీబిడ్డా క్షేమమని తెలిశాక ఈరన్న ఊరికి తిరిగొచ్చేసరికి, సీసాలు పట్టుకుని ఊరంతా ఆ ఖాళీ గది ముందు వరస కట్టి ఉంది.