ముసలి వడ్రంగి ఎక్కిన పడవ

ఒకామె పడవ కట్టింది. ఆమె ఇంటావంటా పడవ కట్టినవాళ్ళు లేరు. వంటా వార్పూ అయ్యాక మిగిలిన పొద్దులో, పెరట్లో, ఒక్కో పలకా చేర్చుకుంటూ కట్టింది. చుట్టాలంతా ముచ్చటగా ఉందన్నారు. ఎక్కమంటే మాత్రం అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది.

ఏటి ఒడ్డున పేరుమోసిన ముసలి వడ్రంగి ఉండేవాడు. ఆయన పడవల్లో రెండు తరాలవాళ్ళు ఏరు దాటారు. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని కట్టడం మానేశాడు. ఇతరులు కట్టినవాటి మంచిచెడ్డలు చెప్పి సొమ్ము పుచ్చుకుంటున్నాడు.

ఆమె కాళ్ళ కడియాలు అమ్మి, ఆ సొమ్ము ఆయన ముందు పెట్టింది.

ఆయన ఆమె పాదాల వైపు చూశాడు. "బాగుందని చెప్పమంటావా, చూసి చెప్పమంటావా?"

"చూసే చెప్పండయ్యా," అంది.

ఆమె ఏట్లోకి దింపిన పడవ చుట్టూ ఆయన తిరగలేదు, పలకలు తట్టలేదు. పంచె ఎగ్గట్టి ఎక్కి కూర్చున్నాడు. "పద," అన్నాడు.

ఏటి నడుమకు వచ్చేసరికి ముందు కొస నీళ్ళలోకి వంగింది. అక్కడ ఆమె చెక్కిన నెమలి ఉంది. వానాకాలమంతా దానికే పట్టింది. ఒక అతుకులోంచి నీళ్ళు ఊరసాగాయి. ముసలాయన కొబ్బరిచిప్పతో తోడి పోస్తున్నాడు.

"ఒడ్డు మీదే మీకు తెలిసిపోయుంటుంది. మరెందుకెక్కారు?" అంది ఆమె, ఏడుపు ఆపుకోలేక.

"కొంతే తెలిసింది. మిగతాది ఎక్కితేగాని తెలియదు. ఏడుపు తర్వాత, ముందు తెడ్డు వెయ్యి."

ఎలాగో నడిమి లంక చేరి, పడవను ఇసుకలోకి లాగారు. ఆయన చూపించాడు: ఇక్కడ అతుకులో దట్టించిన పీచు చాలలేదు, ఈ పలక పచ్చికర్ర. తర్వాత పడవ అడుగున అరచెయ్యి ఆనించి ముందు నుంచి వెనక దాకా నిమిరాడు.

"ఈ వంపు నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదయ్యా. చేప పొట్ట చూసి తీశాను."

"దీన్ని మాత్రం ముట్టుకోకు."

"మరి నెమలి?"

"దాని బరువెంతో నువ్వూ చూశావుగా."

"మీ చేత్తోనే సరిచేసి పెట్టండయ్యా," అని బతిమాలింది.

"నేను చేస్తే అది నా పడవ అవుతుంది. ఏట్లో నావి ఇప్పటికే చాలా ఉన్నాయి. కానియ్యి, నేనూ ఇల్లు చేరాలి. ఇక్కడ వేరే పడవ లేదు."

ఆమె నెమలి ముందు చాలాసేపు కూర్చుంది. చివరికి పడవలో పెట్టుకున్న ఉలి తీసింది. దాన్ని ఊడదీసి ఇసుక మీద పడుకోబెట్టింది. పచ్చికర్ర పలకకు బిగింపులు వేసి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొబ్బరి పీచు ఏరి అతుకుల్లో దట్టించింది.

తిరిగి బయల్దేరేసరికి గాలి లేచింది. సగం దూరం ఆమె అతుకుల మీంచి చూపు తిప్పలేదు. ఆ తర్వాత గాని అడిగే ధైర్యం రాలేదు.

"ఇప్పుడెలా ఉందయ్యా?"

తలెత్తి చూసింది. ముసలాయన పడవ అంచుకు తల ఆనించి, నోరు కొద్దిగా తెరిచి, నిద్రపోతున్నాడు.

ఆమె మళ్ళీ అడగలేదు. చప్పుడు కాకుండా తెడ్డు ముంచుతూ పడవ నడిపింది.